బారి రేవుకు పెట్టెలు

2023 నవంబర్ 6, సోమవారం

కొత్త ఆర్డరు. ఎగుమతి కంపెనీ కోసం మనం నేసి, చలవ చేయించి, మడిచి ఇవ్వాలి. తూత్తుకుడిలో ఓడ ఎక్కుతాయి. దిగే రేవు బారి, ఇటలీ.

సత్రపట్టి గాజ్ గుడ్డ ఎన్ని దేశాలకు పోలేదు! ఏ ఊరికి అని నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ ఎందుకో పాప పాత స్కూలు అట్లాసు దించాను. ఇటలీ బూటు మడమకి కాస్త పైన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంది బారి. వేలు పెట్టి వెతుకుతూ పోతే ఆ పేరు ఒక్కచోటే లేదు. రాజస్థాన్‌లో ధోల్‌పూర్ పక్కన ఒక బారి. పంజాబ్‌లో బియాస్, రావి నదుల నడుమ నేల బారి దోఆబ్. సోమాలియాలో కొమ్ము చివర ఒక బారి. దక్షిణ సూడాన్‌లో ఆ పేరుతో ఒక జాతే ఉందట, వాళ్లకో భాష కూడా.

పదకొండు దాటింది. వదిన రిపోర్టు రేపు. అందుకే ఈ అట్లాసు...

నవంబర్ 7

వచ్చింది. గడ్డ తీసేసినా చంకలో గ్రంథుల్లోకి పాకిందట. కీమో తప్పదు.

మదురై నుంచి ఇంటిదాకా ఈయన నోరు విప్పలేదు. కృష్ణన్‌కోవిల్ దగ్గర టీ తాగుదామా అన్నారు, అంతే. శ్రీవిల్లిపుత్తూరు గోపురం కనబడగానే వదిన ఎప్పటిలాగే చేతులు జోడించింది. ఏం కోరుకుందో.

నవంబర్ 9

గుండె పరీక్ష కూడా చూశారు. ఎర్ర మందు వద్దన్నారు డాక్టరుగారు. ఈ గుండె తట్టుకోలేదట. బదులుగా పాత పద్ధతి, మూడు మందులు. కాయితం మీద మూడక్షరాలు రాసిచ్చారు. సి, ఎం, ఎఫ్.

"పాతదంటే తక్కువదా అండీ?" వదిన సూటిగా అడిగేసింది.

"పాతదంటే ఎంతోమందికి ఇచ్చి చూసిందమ్మా."

మంచి మాట. అయినా నిద్ర లేదు. మంచి మందు ఉండీ ఇవ్వడం లేదేమో అని ఒకటే దిగులు.

నవంబర్ 12, దీపావళి

పాప వచ్చింది. వచ్చీ రాగానే అత్త పక్కలో దూరింది, చిన్నప్పటిలాగే. శివకాశి ఇంత దగ్గర పెట్టుకుని ఈసారి మా వాకిట్లో ఒక్క చిచ్చుబుడ్డి కూడా లేదు. దీపాలు మాత్రం వదిన తనే పెట్టింది. వంగి లేచేటప్పుడు కుట్లు లాగుతున్నా పైకి అనలేదు.

వంటింట్లో పాపని అడిగాను, ఆ ఎర్ర మందు ఏమిటని. ఫార్మసీ మూడో ఏడు కదా, టకటకా చెప్పింది. ఎడ్రియామైసిన్. ఏడ్రియాటిక్ సముద్రం పేరే పెట్టారట. 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కట్టించిన కాస్టెల్ డెల్ మోంటె అని ఎనిమిది పలకల కోట ఉందట, అపూలియాలో. దాని దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. ఆ జీవికి పెట్టిన పేరు స్ట్రెప్టోమైసిస్ ప్యూసెటియస్. బారి చుట్టుపక్కల సీమని పూర్వం ప్యూసెటియా అనేవారట.

మళ్లీ బారి. ఆ సీమ మట్టిలోంచి వచ్చింది మా వదినకి సరిపడలేదు.

నవంబర్ 16

మొదటిది అయింది.

కుడివైపు ఆపరేషను కాబట్టి ఎడమ చేతికే ఎక్కించారు. నరం దొరకలేదు. ఆ నర్సు పిల్ల మణికట్టు మీద మెల్లగా తట్టి తట్టి లేపింది. మూడు మందుల్లో రెండు నీళ్లలా ఉన్నాయి. ఒకటి పసుపు. గొట్టంలో అది దిగుతుంటే వదిన చూపు తిప్పలేదు.

"పసుపే కదా. మంచిదే."

సూది తీశాక దూది మీద గాజ్ ముక్క పెట్టి ప్లాస్టరు వేశారు. వదిన ఆ ముక్క అంచుని గోటితో పైకి లేపి చూసింది. వెలుతురుకి పట్టింది. "మనది కాదు. పేక పలచన."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అంతవరకూ రాలేదు.

నవంబర్ 17

తెల్లవార్లూ వాంతులు. సి మందుకి మూత్రాశయం పుండు పడకుండా నీళ్లు తాగుతూనే ఉండాలట. తాగింది తాగినట్టు బయటికే. కొబ్బరినీళ్లు చెంచాతో పోశాను.

డబ్బు కట్టి విషం పోయించుకుని ఇంటికి తెచ్చామా?

నవంబర్ 21

ఎం అంటే మెథోట్రెక్సేట్. అదే ఆ పసుపుది. పాప ఫోనులో చెప్తూ చెప్తూ, "మీ ఊరాయనేనమ్మా" అంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ వింటున్న పేరే. 1995లో తపాలా బిళ్ల వేశారు, నాన్న కొని దాచుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టారని తెల్ల ప్రొఫెసరుకి కోపమొచ్చి పూర్తి డిగ్రీ దక్కకుండా పోయిందనీ తెలుసు. తెలుసు కానీ, ఆ పేరు వచ్చి వదిన చేతి నరంలో దిగుతుందని ఎవరనుకున్నారు?

ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ దెబ్బ తిన్నవాడు 1923లో బోస్టన్ వెళ్లాడు. కండరానికి సత్తువ ఎక్కడిదో ఫిస్కే అనే ఆయనతో కలిసి వెతికాడు. 1940 నుంచి లెడర్లీ మందుల కంపెనీలో. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది ఆయన బృందమే. రక్తం పట్టడానికి అది కావాలి, క్యాన్సరు కణానికీ అదే కావాలి. అందుకని అచ్చం దానిలాగే ఉండి దాన్ని పనిచేయనివ్వని మందులు చేశారు. ఎమినోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఎమినోప్టెరిన్‌ని రక్త క్యాన్సరు పిల్లలకి ఇస్తే కొందరు మంచం దిగి ఆడుకున్నారు, కొన్ని నెలలే అయినా. అది అచ్చయింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు. 53 ఏళ్లు.

బోదకాలు మాత్ర కూడా ఆయనదే. మా వీధిలో ఇంటింటికీ తెచ్చి ఎదురుగా మింగించేవారు. అమ్మమ్మ కాలు గుర్తొచ్చింది, చీర కుచ్చెళ్ల కింద దాచుకునే కాలు. ఆ మాత్ర ఆవిడ వయసులో ఉండగా రాలేదు.

ఆయన భార్య శేషగిరిగారు మళ్లీ ఆయన్ని చూడనే లేదు. ఓడ ఎక్కించినదే. ఆవిడ ఏమైనా రాసుకునేదా, ఇలా రాత్రిపూట?

నవంబర్ 25

సి గురించి అడిగాను. పాప తటపటాయించింది. సైక్లోఫాస్ఫమైడ్. మస్టర్డ్ గ్యాస్ సంతతి.

1917లో ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలిన వాయువు. దాంట్లో గంధకం బదులు నత్రజని పెడితే నైట్రోజన్ మస్టర్డ్. దాన్ని మెత్తబరిచి 1950లలో జర్మనీలోనే నోర్బర్ట్ బ్రాక్ బృందం చేసిన మందు ఇది. "తెల్ల కణాల్ని చంపుతుందని ఎలా తెలిసిందంటే అమ్మా, 1943లో బారి అని ఒక రేవు..."

ఫోను పెట్టేశాను. పాపం, అది మళ్లీ మళ్లీ చేసింది.

ఇవాళ మధ్యాహ్నమే అట్టపెట్టెల మీద ఆ పేరు వేయించాను. స్టెన్సిల్ సరిగ్గా పట్టలేదని ఒక పెట్టె మీద నేనే దిద్దాను కూడా.

నవంబర్ 28

ఈ నోటుబుక్కు బల్ల మీదే పడి ఉంది పొద్దున్నుంచీ. పడి ఉంటే ఏం? ఇంటినిండా తెలుగు మాట్లాడేవాళ్లే, చదివేవాళ్లు ఒక్కరూ లేరు. ఈయన పద్దులు తమిళంలో. వదిన జమాఖర్చులూ తమిళంలో. నా అక్షరాలు వీళ్లకి ముగ్గు.

వదినకి ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు.

డిసెంబర్ 2, శనివారం

బారిలో అది జరిగి ఇవాళ్టికి 80 ఏళ్లు.

పాప పంపింది, జెన్నెట్ కోనంట్ అనే ఆవిడ రాసిన పుస్తకం. అర్థం కానిచోట పాపనే అడుగుతూ చదువుతున్నాను.

సాయంత్రం ఏడున్నర వేళ. రేవు నిండా ఓడలు, సరుకు దించడానికి దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. జర్మన్ యుంకర్స్ విమానాలు నూరు పైన వచ్చాయి. ఇరవై నిమిషాల లోపే అంతా అయింది. పదిహేడు ఓడలు మునిగాయి. వాటిలో జాన్ హార్వే అని ఒక అమెరికా ఓడ. దాని కడుపులో రెండువేల మస్టర్డ్ బాంబులు. 1925 జెనీవా ఒప్పందం వాడకూడదంది. జర్మన్లు వాడితే తిరిగి వాడదామని రహస్యంగా తెచ్చి పెట్టుకున్నారు. సరుకేమిటో తెలిసిన కొద్దిమందీ ఆ ఓడతోనే పోయారు.

విషం నీళ్ల మీది నూనెలో కలిసింది. ఆ నూనెలో ఈదారు నావికులు. గాలిలో వెల్లుల్లి వాసన వేసిందట. వెల్లుల్లి... ఎవరైనా భయపడే వాసనా అది?

ఒడ్డుకి లాగి, తడిబట్టలతోనే దుప్పట్లు కప్పి, వేడి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. బట్టలు విప్పించి ఒళ్లు కడిగి ఉంటే ఎంతమంది బతికేవారో. తెల్లవారేసరికి కళ్లు వాచి మూసుకుపోయాయి, ఒళ్లంతా బొబ్బలు. 600 పైచిలుకు మంది సైనికులు, నావికులు ఆసుపత్రుల్లో పడితే నెలాఖరుకి 83 మంది పోయారు. ఊరివాళ్ల లెక్క ఎవరూ కట్టలేదు. పాతబస్తీ రేవుని ఆనుకునే ఉంది. పొగ అటే పోయింది.

పైగా దాచారు. బ్రిటిష్ కాయితాల్లో మస్టర్డ్ అనే మాట ఉండకూడదని, శత్రుచర్య వల్ల కాలిన గాయాలని రాయమని చర్చిల్ ఆజ్ఞ.

ఆ చావుల్లోంచి మందు పుట్టిందని రాస్తారు అందరూ. నాకు ఆ వాక్యం గిట్టడం లేదు. నిజానికి అమెరికాలో ఏల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ 1942లోనే ఒక రోగికి నైట్రోజన్ మస్టర్డ్ ఇచ్చి చూశారు, బారికి ఏడాది ముందే. ఆ రోగి గడ్డలు కరిగాయి, మళ్లీ వచ్చాయి, పోయాడు. అది యుద్ధరహస్యమని 1946 దాకా బయటికి రానివ్వలేదు. బారి ఆ పనికి ఊతమిచ్చింది, అంతవరకే. చచ్చినవాళ్లు మందు కోసం చావలేదు. పైవాళ్లు నోరు విప్పలేదు, అందుకు చచ్చారు.

డిసెంబర్ 5

తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అమ్మ ఫోను. కుప్ప నూర్చకముందే తడిసిందట. "ఆవిడకెలా ఉందమ్మా?" అని నాలుగుసార్లు అడిగింది.

వదిన నోరంతా పూత. ఆవాల ఘాటు కాదు కదా, ఉప్పు కూడా తగలనివ్వడం లేదు. మా ఆవకాయ జాడీ చూసి "దాన్ని నా కళ్లబడకుండా పెట్టు తల్లీ" అంది. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను. దువ్వెనకి జుట్టు వస్తోంది కానీ కుచ్చులుగా కాదు. లెక్క చూసుకుంటోంది, నాకు తెలుసు.

డిసెంబర్ 7

వెనక్కి పంపేశారు. తెల్ల కణాలు బాగా పడిపోయాయి, వారం ఆగి రమ్మన్నారు.

1943లో సరిగ్గా ఈ తేదీన ఆల్జియర్స్ నుంచి బారికి విమానంలో వచ్చాడు స్టూవర్ట్ అలెగ్జాండర్ అనే డాక్టరు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. ఆసుపత్రి గుమ్మంలోనే వాసన పట్టాడు. ఎవరు ఏ ఓడ మీద ఉన్నారో పటం గీసి, చావులు ఏ ఓడ చుట్టూ ఉన్నాయో చూసి, విషం ఎక్కడిదో తేల్చాడు. పెద్దలు కాదన్నా రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాడు. రక్తపరీక్షల్లో తెల్ల కణాలు మాయం కావడం గమనించి అదీ రాశాడు. ఆ కాయితం పట్టుకునే కర్నల్ రోడ్స్ అనే ఆయన యుద్ధం తర్వాత న్యూయార్కులో స్లోన్ కెటరింగ్‌లో కీమో పని పెంచాడు.

వదిన రిపోర్టులో తెల్ల కణాల అంకె పక్కన కిందికి బాణం గుర్తు. బస్సులో ఆ కాయితం మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ 11

మడతబల్ల దగ్గర ఇవాళ నేనే నిలబడ్డాను, వదిన చోట. ఒకావిడ తాను పరుస్తుంది. ఇంకొకావిడ అంచు పోగులు ఏరుతుంది. మూడో ఆవిడ అరచేత్తో నొక్కుతూ చుట్టుకుంటూ పోతుంది, మధ్యలో ఎక్కడా వదులు రానివ్వదు. వదిన లేకపోతే మాటలెక్కువయ్యాయి, పని తగ్గింది. "పెద్దమ్మ ఎప్పుడొస్తారు?" అని అందరూ అదే. నేనేం చెప్పను.

బారి ఆసుపత్రిలో ఆ రాత్రి నావికుల కళ్లకి కట్టిన గాజ్ ఎవరు నేసింది? ఏ ఊరు? పుస్తకంలో విమానాల రకం ఉంది, బాంబుల బరువు ఉంది. గుడ్డ సంగతి లేదు.

డిసెంబర్ 14

అయింది. ఈసారి నరం తొందరగా దొరికింది. వాంతులు తక్కువ.

డిసెంబర్ 18

రెండ్రోజులుగా ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. తామ్రపర్ణి పొంగింది. కాయల్‌పట్టినంలో ఒక్కరోజులో 95 సెంటీమీటర్లట. తిరుచెందూరు రైలు శ్రీవైకుంఠంలో ఆగిపోయింది, జనం అందులోనే ఉన్నారు. తూత్తుకుడి వీధుల్లో పడవలు.

మన లారీ శనివారమే వెళ్లింది. గోడౌనులో దించామని ఫోను. తర్వాత ఫోన్లే కలవడం లేదు.

డిసెంబర్ 21

కింది వరస పెట్టెలు తడిశాయి. మురికినీళ్లు. అవి ఇక పారేయాల్సిందే. ఈయన తల పట్టుకు కూర్చున్నారు. నష్టం మనదా వాళ్లదా అనేది తేలదు ఇప్పట్లో. ఆ మాట ఎత్తితే గొంతు పూడుకుపోతోంది ఆయనకి. తూత్తుకుడిలో ఇళ్లు మునిగినవాళ్లని తలుచుకుని నేనూ ఊరుకున్నాను.

పైవరసలు బాగున్నా ఓడ దొరకదట. ఎర్ర సముద్రంలో హౌతీలు ఓడల మీద పడుతున్నారు. సూయజ్ దారి మాని ఆఫ్రికా చుట్టూ తిప్పుతున్నారు పెద్ద కంపెనీలన్నీ.

డిసెంబర్ 23, ముక్కోటి ఏకాదశి

చెప్పేశాను.

తెల్లవారుజామున స్వర్గవాసల్ దర్శనానికి వెళ్లే ఓపిక లేదని వదిన మంచం మీదే కూర్చుని తిరుప్పావై చెప్పుకుంది. అయ్యాక, "ఏదో దాస్తున్నావు. డాక్టరు నీకు వేరే చెప్పారా?" అంది.

అది కాదు వదినా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. రేవు, ఓడ, నూనె, వెల్లుల్లి వాసన, దుప్పట్లు. సి అంటే దాని వంశమని. ఎం అంటే మా భీమవరం ఆయనదని. రొమ్ము క్యాన్సరు ఆపరేషను తర్వాత ఈ మూడింటినీ కలిపి ఇవ్వొచ్చని తేల్చింది కూడా ఇటలీవాళ్లేనని, మిలాన్‌లో బోనడోన్నా అనే డాక్టరు, 1976లో అచ్చయిందని.

కోప్పడుతుందనుకున్నాను. భయపడుతుందనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది.

"ఊళ్లోవాళ్లు ఎంతమంది పోయారు?"

"లెక్క కట్టలేదు వదినా."

"కట్టకుండా ఎట్లా?"

నా దగ్గర జవాబు లేదు.

"మన పెట్టెలు పోయేది ఆ ఊరికేనా?"

"ఆ ఊరికే."

"తడిసినవాటి బదులు కొత్తవి నేయాలి కదా. తమ్ముణ్ణి పిలువు."

ఈయన వచ్చారు. మంచం మీంచే చెప్పింది. ఏ తరి మీద నేయాలో, పడుగు ఎవరు పట్టాలో. పోగు తప్పిన తాను ఒక్కటి పోకూడదని.

2024 జనవరి 4

అయింది. కణాలు నిలబడ్డాయి.

దారిలో వదినే మాట తీసింది. ఆ ఊళ్లో గుడి ఉందా అని. ఉంది. సెయింట్ నికొలస్ చర్చి. 1087లో బారి నావికులు మైరా వెళ్లి ఆ సాధువు అస్థికలు తెచ్చుకున్నారు. ఓడ ఎక్కేవాళ్లు ఆయనకే మొక్కుకుంటారు. క్రిస్మస్ తాత అయిందీ ఆయనే. ఏటా మే 9న సమాధిలో ఊరిన నీరు తీసి భక్తులకిస్తారు.

"తీర్థమన్నమాట" అంది. ఇంకేం అడగలేదు.

జనవరి 12

సుబ్బారావుగారి పుట్టినరోజు. ఇక్కడెవరికి తెలుసు? భీమవరంలో దండ వేసి ఉంటారు.

వదిన పరమాన్నం చేయమంది. "ఎవరి పేరున?" అన్నాను, తెలిసే. "మీ ఊరాయన పేరున." నోటి పూత తగ్గింది, తనే రెండు గరిటెలు తింది. ఆయన అక్కడ ఒంటరిగానే బతికాడని చెప్తే, "వండిపెట్టేవాళ్లు ఉన్నారా?" అంది. ఎవరినడగను?

ఆయన పేటెంట్ల గొడవల్లో పడలేదు, పేరు కోసం పాకులాడలేదు. పోయాక ఒక బూజుకి ఆయన పేరు పెట్టారు, సుబ్బారోమైసిస్ అని. కోట మట్టిలో దొరికిన సూక్ష్మజీవికి ఒక సీమ పేరు, ఇంకోదానికి ఈయన పేరు. కంటికి ఆనని ప్రాణులకి.

జనవరి 16, కనుమ

వదిన షెడ్డులోకి నడిచి వెళ్లింది. నేను వెనకాలే, పట్టుకోవద్దంది. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. "కూర్చోండి, చేతులు ఆగకూడదు" అని ఒక్క కసురు. వాళ్ల మొహాలు చూడాలి.

గాజు గ్లాసులో నీళ్లు తెప్పించింది. చలవ చేసిన గుడ్డ ముక్క కత్తిరించి నీటి మీద వదిలింది. మందుల చట్టం ప్రకారం పది సెకన్లలోపు మునగాలి, లేకపోతే గాయం తడి పీల్చదు. గంజి, మైనం పూర్తిగా వదలని గుడ్డ తేలుతూ ఉంటుంది. వదిన పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. నాలుగు దగ్గర అంచు తడిసి నల్లబడింది, ఆరు దగ్గర ఒక మూల వంగింది, ఏడుకి అడుగంటింది.

ఇంకో తానులోంచి ఇంకో ముక్క. అది పదకొండు దాకా తేలింది. ఆ తాను మొత్తం మళ్లీ ఉడకబెట్టమంది. ఈయన గుటక మింగారు, సోడా ఖర్చు, విరంజనం ఖర్చు. ఒక్క మాట అనలేదు.

జనవరి 26

నిన్న ఎక్కించారు. నీరసం ఎక్కువ. రోజంతా కళ్లు మూసుకునే ఉంది. పిలిస్తే పలికింది, అది చాలు.

ఫిబ్రవరి 4

పాప ఒక వీడియో పంపింది. బారి పాతబస్తీ సందులో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలేసుకుని పాస్తా చేస్తున్నారు. పిండి తాడులా చేసి, కత్తితో చిన్న ముక్క కోసి, ఆ కత్తితోనే లాగి, బొటనవేలి మీద తిరగేస్తే చిన్న చెవిలా వస్తుంది. ఒరెక్కియెత్తె అంటారట.

వదిన మూడుసార్లు చూసింది. "మణికట్టు చూడు. కంటితో చూడకుండా చేస్తోంది, మన షెడ్డులో పొన్నమ్మలాగే." వీడియోలో ఆ ముసలావిడకి ఎనభై దాటి ఉంటాయి. 1943లో పసిపిల్ల అయి ఉంటుంది. ఆ సందు నుంచి రేవు నడిచేంత దూరం.

ఆవిడ వాళ్లమ్మ ఆ రాత్రి ఎటు పరిగెత్తిందో...

ఫిబ్రవరి 9

పెట్టెలు ఓడ ఎక్కాయి. గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్తుంది. ఖర్చు మీద ఖర్చు. అయినా ఇంట్లో అందరికీ గుండె తేలికపడింది.

సుబ్బారావుగారు ఇటు నుంచి వెళ్లినప్పుడు సూయజ్ తెరిచే ఉంది కదా.

ఫిబ్రవరి 16

కణాలు బాగున్నాయి. చేతి నరం నల్లబడి తాడులా గట్టిపడింది. కొబ్బరినూనె రాస్తుంటే వదిన నవ్వింది. "పడుగు పోగులా ఉంది."

విషమా మందా అని ఇప్పుడు నన్ను నేను అడగడం మానేశాను. ఎప్పుడు మానానో తెలీదు.

మార్చి 8

నిన్నటితో కీమో ముగిసింది. ఇక మాత్రలు, మూడు నెలలకోసారి పరీక్ష. నర్సు పిల్ల వదిన కాళ్లకి దండం పెట్టింది. వదిన సంచిలోంచి మన గాజ్ కట్ట తీసి ఇచ్చింది. "దీంతో కట్టు. తేడా తెలుస్తుంది."

మార్చి 27

పెట్టెలు బారిలో దిగాయని కంపెనీవాళ్లు చెప్పారు. పరీక్షలో ఒక్క తాను తిరగ్గొట్టలేదు. వదినకి చెప్తే తల ఊపింది. తర్వాత తీరిగ్గా అడిగింది. "ఆ పుస్తకంలో ఏం రాస్తావు రోజూ?"

మీ గురించే అన్నాను.

"చదివి వినిపించు."

నావల్ల కాలేదు. నవంబర్ పుటలు ఎలా చదవను ఆవిడ ముందు?

"సరి. అక్షరాలు నేర్పు అయితే. నేనే చదువుకుంటా."

పలక లేదు. పాత బిల్లు కాయితం వెనక రాసిచ్చాను. తమిళం చదివే కళ్లు కదా, గుండ్రాలన్నీ ఒకేలా ఉన్నాయని విసుక్కుంది. బ, భ తేడా పట్టుకోవడానికి అరగంట పట్టింది. బారి, భీమవరం. రెండూ రాసింది, కింద తన పేరు రాయమంది.